కాటు లేని రాకూన్ స్పర్శ - వైద్యం, కోడింగు

కాటు లేని రాకూన్ స్పర్శ అనగా రాకూన్ అనే జంతువు కరవకుండా మనిషిని గీరడం, నాకడం లేదా దాని లాలాజలం మనిషికి తగలడం. రాకూన్ (శాస్త్రీయ నామం: ప్రోసియోన్ లోటర్) ఉత్తర అమెరికాకు చెందిన క్షీరదం. కళ్ళచుట్టూ నల్లని పట్టీ, తోకమీద చారలు దీని గుర్తులు. ఆహారంకోసం ఇళ్ళవద్దనున్న చెత్తడబ్బాలను వెదకుతుంది. తెలుగునాట ఈ జంతువు లేదు. అయితే అమెరికా తూర్పు రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారికి ఇది తరచు కనిపించేదే.

ప్రమాదం

అమెరికా తూర్పు ప్రాంతంలో రేబీస్ వైరస్‌కు రాకూన్ ప్రధాన ఆశ్రయం. 1950లలో ఫ్లోరిడాలో గుర్తించిన ఈ వైరస్ రకం 1970ల చివరలో వర్జీనియా, పశ్చిమ వర్జీనియా ప్రాంతానికి, అక్కడినుండి ఉత్తరాదికి వ్యాపించింది. వేటకోసం తరలించిన రాకూన్లు ఇందుకు కారణమని భావిస్తారు. ఈ రకం వలన మనిషి మరణించినట్లు మొదటిసారిగా 2003లో వర్జీనియాలో నిర్ధారణ అయింది. ఆ వ్యక్తిని ఏదైనా జంతువు కరిచినట్లు తెలియరాలేదు. రేబీస్ లక్షణాలు మొదలైతే దాదాపు ఎల్లప్పుడూ మరణమే గనుక, కాటు లేదన్న కారణంతో చికిత్సను తోసిపుచ్చరాదు.

ఏది ప్రమాదకరమైన స్పర్శ?

రాకూన్ గోళ్ళ గీతలు, అప్పటికే ఉన్న పచ్చిపుండుపై లేదా కన్ను, నోరు, ముక్కులలోని శ్లేష్మపు పొరలపై దాని లాలాజలం పడడం ప్రమాదకరం. చెక్కుచెదరని చర్మాన్ని నాకడం, జంతువును నిమరడం, దాని రక్తం, మూత్రం, మలం తగలడం రేబీస్ సోకే మార్గాలు కావు. అయితే రాకూన్ మలంలో బేలిసాస్కారిస్ అనే ఏలికపాము గుడ్లు ఉండవచ్చు. ఇవి పొరపాటున నోట్లోకి వెళితే లార్వాలు మెదడుకు చేరి హాని కలిగిస్తాయి. మట్టి నోట పెట్టుకొనే పసిపిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. మలం మింగినట్లు అనుమానం ఉంటే వైద్యులు వెంటనే ఆల్బెండజోల్ మొదలుపెడతారు.

వైద్యం

* గాయాన్ని సబ్బు, నీటితో 15 నిమిషాలపాటు కడగాలి. కంటిలో లాలాజలం పడితే నీటితో బాగా కడగాలి.
* ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకొన్నదీ వైద్యునికి చెప్పాలి.
* మునుపు రేబీస్ టీకా పొందనివారికి, శరీర బరువులో కిలోకు 20 యూనిట్ల చొప్పున రేబీస్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను గాయం చుట్టూ వీలైనంత ఎక్కించి, మిగిలినది దూరంగా కండరంలో ఇస్తారు.
* అమెరికాలో 2010 నుండి టీకా 0, 3, 7, 14వ రోజులలో నాలుగు మోతాదులు. రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికి 28వ రోజున ఐదవ మోతాదు కూడా ఇస్తారు.
* మునుపే పూర్తిగా టీకా పొందినవారికి 0, 3 రోజులలో రెండు మోతాదులు చాలు. వీరికి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వరు.

కుక్క, పిల్లులకు వర్తించే 10 రోజుల పరిశీలన రాకూన్‌కు వర్తించదు. జంతువు దొరికితే అధికారులు దానిని చంపి, మెదడును పరీక్షింపజేస్తారు. అందుచేత తల దెబ్బతినకూడదు. పరీక్షలో రేబీస్ లేదని తేలితే టీకాలు ఆపివేయవచ్చు.

కోడింగు

అమెరికాలో 2015 అక్టోబరు 1 నుండి ఐసీడీ-10-సీఎం కోడులు వాడుకలో ఉన్నాయి. ఇందులో డబ్ల్యు55.51 రాకూన్ కాటుకు, డబ్ల్యు55.52 రాకూన్ ఢీకొనడానికి, డబ్ల్యు55.59 ఇతర స్పర్శకు కేటాయించారు. గీరడం, నాకడం ఈ చివరిదానిలోకి వస్తాయి. చివర ఎక్స్ఎ చేరిస్తే చికిత్స జరుగుతున్న దశ, ఎక్స్‌డి చేరిస్తే తదుపరి సంరక్షణ అని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఐసీడీ-10లో రాకూన్‌కు ప్రత్యేక కోడు లేదు.

డబ్ల్యు కోడు సంఘటన కారణాన్ని మాత్రమే తెలుపుతుంది. దానిని మొదటి కోడుగా వ్రాయరు. ఉదాహరణకు కుడిచేతిపై గీతలు పడితే మొదట ఎస్60.511ఎ, తరువాత రేబీస్ సోకే అవకాశాన్ని తెలిపే జడ్20.3, ఆపై డబ్ల్యు55.59ఎక్స్ఎ వ్రాస్తారు. "ఇతర స్పర్శ" అన్న పేరునుబట్టి ప్రమాదం స్వల్పమని భావించరాదు. లాలాజలం ఎక్కడ తగిలింది, చర్మం చిట్లిందా అన్న వివరాలు కోడులో ఉండవు గనుక వాటిని రోగి నివేదికలో వేరుగా నమోదు చేయాలి. చికిత్సను నిర్ణయించేవి ఆ వివరాలే.