నౌషీర్వాన్ ఉప్పు, ఫిరదౌసి బంగారం

పారశీక నీతికథలు ఎక్కువగా పాఠం చెప్పేది పిల్లలకు కాదు, రాజులకు. సింహాసనం మీద కూర్చున్నవాడికి తప్పు ఎత్తిచూపాలంటే నోరు పెగలదు. అందుకే ఆ పని నక్కకో గుడ్లగూబకో చచ్చిపోయిన పాత రాజుకో అప్పగించారు. వాటిలో అన్నిటికన్నా దూరం తిరిగిన కథ మనదే. 6వ శతాబ్దంలో ఇరాన్‌ను ఏలిన ఖుస్రో అనూషిర్వాన్ తన వైద్యుడు బుర్జోయ్‌ని చావును తప్పించే మూలిక కోసం హిందూదేశానికి పంపాడని ఐతిహ్యం. మూలిక దొరకలేదు, పంచతంత్రం దొరికింది. బుర్జోయ్ దాన్ని నాటి పారశీకమైన పహ్లవీలోకి మార్చాడు. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫా అరబ్బీలో రాశాడు. ఆ అరబ్బీ నుంచి అది మళ్లీ పారశీకానికి చేరింది. నక్కలైన కరటక దమనకులు అక్కడ కలీలా, దిమ్నా అయ్యారు.

పేర్లతో పాటు కథ ముగింపూ మారింది. సంస్కృత కథలో దమనకుడు సింహానికీ ఎద్దుకూ తగువు పెట్టి, ఎద్దును చంపించి, హాయిగా మంత్రిగిరీ చేసుకుంటాడు. చిన్నయసూరి 1853లో అచ్చువేయించిన నీతిచంద్రికలోని మిత్రభేదం చదివినవారికి ఈ జిత్తులన్నీ పరిచయమే. అరబ్బీ, పారశీక కథ మాత్రం దిమ్నాను వదలలేదు. అతని మీద విచారణ జరిపే అధ్యాయమొకటి కొత్తగా చేరింది. నక్కలిద్దరి మాటలు చిరుతపులి చాటుగా వింటుంది. సంగతి సింహం తల్లికి చేరుతుంది. దిమ్నా బోనెక్కి ప్రతి ఆరోపణకూ గడుసుగా జవాబిస్తాడు. ఖైదులోని మరో జంతువు కూడా సాక్ష్యం చెప్పాకగానీ నేరం రుజువు కాదు. ముందే ఎందుకు చెప్పలేదంటే, ఒక్క సాక్ష్యం చెల్లదు గనక ఊరుకున్నానంటుంది. చివరికి దిమ్నా చెరసాలలోనే ఆకలిదప్పులతో చస్తాడు. తెలివైనవాడు గెలుస్తాడన్న కథ, తెలివైనవాడైనా తీర్పుకు నిలబడాలన్న కథగా మారింది.

అనూషిర్వానే తరవాతి కథల్లో న్యాయానికి మారుపేరయ్యాడు. తెలుగువారికి నౌషీర్వాన్‌గా పరిచయమైన రాజు ఇతనే. 1258లో సాదీ రాసిన గులిస్తాన్‌లో ఒక చిన్న ఉదంతం ఉంది. వేటలో మాంసం కాలుస్తుంటే ఉప్పు లేదు. దగ్గరి ఊరికి నౌకరును పంపుతూ, ఉప్పుకు ధర చెల్లించి మరీ తెమ్మంటాడు రాజు. చిటికెడు ఉప్పుకు ఇంత పట్టింపేమిటని పక్కవాళ్లు అడుగుతారు. లోకంలో దౌర్జన్యమంతా చిటికెడుతోనే మొదలైందని, వచ్చిన ప్రతివాడూ దానికి మరికొంత కలిపాడని రాజు జవాబు. రాజు తోటలో ఒక్క పండు తింటే బంట్లు చెట్టునే పెకలిస్తారట. ఉప్పు తిన్న విశ్వాసం నౌకరుకు ఉండాలని మన సామెతలు అంటాయి. ఈ కథ ఉప్పు తెప్పించుకున్న ప్రభువునే లెక్క అడుగుతుంది.

12వ శతాబ్ది కవి నిజామీ చెప్పిన గుడ్లగూబల కథ ఇంకా ఘాటైనది. పాడుపడ్డ ఊళ్లో రెండు గుడ్లగూబలు కూస్తుంటే ఏమంటున్నాయని రాజు మంత్రిని అడుగుతాడు. పెళ్లిమాటలు, ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర బేరం నడుస్తోందంటాడు మంత్రి. పాడుబడ్డ ఊళ్లు కావాలని ఒకటి అడిగితే, ఈ రాజు ఏలుబడి ఇలాగే సాగితే ఎన్నయినా ఇస్తానని రెండోది మాటిస్తోందట.

ఈ కథల భాష తెలుగునేలకూ వచ్చింది. కొండవీడు 1579లో గోల్కొండ వశమైంది. ఆ సీమలో కచేరీ భాషగా పారశీకం బలపడింది. పల్నాడులో నాగులేటి ఒడ్డున ఉన్న దాచేపల్లిలో నేటికీ రైతు తహసీల్దారుకు దరఖాస్తు పెడతాడు, దస్తావేజు రాయించుకుంటాడు, బజారుకు వెళ్తాడు. ఈ మాటలన్నీ ఆ భాష నుంచి వచ్చినవే. గోల్కొండ ఆస్థానకవి గవ్వాసీ 1639లో చిలుక కథల తూతీనామాను దక్కనీలో రాశాడు. సంస్కృత శుకసప్తతికి అది పారశీకం మీదుగా వచ్చిన మనుమరాలు. తెలుగులో పాలవేకరి కదిరీపతి ఆ చిలుకనే కావ్యంలోకి తెచ్చాడు.

పల్నాటి గడ్డ నుంచి పారశీక గాథను అందుకున్నవాడు మాత్రం గుర్రం జాషువా. 1895లో వినుకొండలో పుట్టాడు. ఆ ఊరూ దాచేపల్లీ 2022 నుంచి పల్నాడు జిల్లాలో ఉన్నాయి. ఆయన ‘ఫిరదౌసి’ కావ్యం 1932లో వచ్చింది. షానామా కావ్యం రాస్తే పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని పారశీక కవి ఫిరదౌసికి మాటిచ్చిన గజనీ సుల్తాను మహమ్మదు, తీరా పని పూర్తయ్యాక వెండి నాణేలు పంపాడన్నది అందులోని కథ. మాట తప్పిన ఏలికలు పల్నాడుకు కొత్త కాదు. వనవాసం ముగించుకుని వచ్చిన దాయాదులకు గురజాల కొలువు రాజ్యంలో పాలు ఇవ్వనందుకే కారంపూడి యుద్ధం జరిగిందని వీరగాథ.

ఫిరదౌసి గాథను అందరికన్నా ముందు వివరంగా రాసింది 12వ శతాబ్దపు మరో నిజామీ, నిజామీ అరూజీ. 1010లో గ్రంథం ముగించిన కవికి దక్కింది 20,000 దిర్హాములు. కవి స్నానశాలకు వెళ్లి, బయటికొచ్చి ఒక పానీయం తాగి, ఆ సొమ్మంతా స్నానశాల పనివాడికీ పానీయం అమ్మినవాడికీ పంచేశాడు. ఏళ్లు గడిచాక సుల్తాను పశ్చాత్తాపపడి 60,000 దీనార్ల విలువైన నీలిమందును ఒంటెల మీద పంపాడు. ఒంటెలు తూస్ నగరంలోకి ఒక ద్వారం గుండా వస్తుంటే, మరో ద్వారం గుండా కవి పాడె వెళ్లింది. ముస్లింల శ్మశానంలో చోటివ్వడానికి ఆ ఊరి మతబోధకుడు ఒప్పుకోలేదు. ఫిరదౌసిని తన తోటలోనే పూడ్చారు. ఊరి అంచున పుట్టి అంటరానితనం చవిచూసిన జాషువాను ఈ గాథ ఎందుకు పట్టుకుందో ఊహించడం కష్టం కాదు.

ఫిరదౌసి కూతురు సుల్తాను పంపిన కానుకను ముట్టలేదు. ఆ సొమ్ముతో నిషాపూరు, మెర్వు నగరాల నడిమి దారిలో బాటసారుల సత్రం ఒకటి బాగుచేయించారు.