మెర్సిడెస్ బెంజ్ పందెములు మానిన సంవత్సరము

1954లో టాటా సంస్థకును జర్మనీలోని డైమ్లర్ బెంజ్ సంస్థకును కుదిరిన ఒడంబడిక ననుసరించి జంషెడ్‌పూరులో లారీల నిర్మాణము ప్రారంభమైనది. ఆ ఒడంబడిక 1969 వరకు నిలిచినది. వలయములో మూడు కొనల నక్షత్రమును ముఖమున ధరించిన ఆ లారీలు మన రహదారులమీద ధాన్యపు బస్తాలను, పొగాకు బేళ్లను, ఒక్కొక్కప్పుడు పెండ్లివారిని కూడ మోసినవి. ఆ నక్షత్రమును లారీ గుర్తుగానే ఎరిగిన పెద్దలు మన ఇండ్లలో ఇప్పటికిని ఉన్నారు. సరిగా ఆ కాలముననే అదే నక్షత్రము ఐరోపాలో మోటారు పందెములను గెలుచుచుండినది. గెలుచుచు గెలుచుచునే, 1955 అక్టోబరులో, ఆ రంగమునుండి తప్పుకొన్నది.

ఎందుకు తప్పుకొన్నది? సాధారణముగా చెప్పుకొను కథ యిది. ఫ్రాన్సులోని లె మాన్ పందెములో ఆ సంస్థవారి కారు ప్రేక్షకులమీద పడి ఎనుబదిమందికి పైగా మరణించినారు. ఆ దుఃఖము భరింపలేక సంస్థ పందెములకు స్వస్తి చెప్పినది. కథ వినుటకు బాగుగనే ఉన్నది. కారణము, కార్యము ఒకదానివెంట ఒకటి వచ్చినవి. వినువారి మనస్సుకు ఊరట కూడ కలుగును. కాని ఆ సంవత్సరపు తేదీలను వరుసగా పేర్చి చూచినచో కథ అంత సూటిగా నడువదు.

ఈ సంస్థకు పందెములు కొత్తవి కావు. 1930 దశాబ్దిలో నాటి జర్మను ప్రభుత్వపు ధనసహాయముతో దాని వెండిరంగు కార్లు ఐరోపా నంతటిని జయించినవి. యుద్ధములో కర్మాగారములు నేలమట్టమైనవి. తేరుకొని 1952లో మరల పందెములకు వచ్చినది. 1954 జూలై 4వ తేదీన ఫ్రాన్సులోని రాన్స్ పట్టణమున దాని క్రొత్త కార్లు మొదటి రెండు స్థానములు గెలుచుకొన్నవి. ఆనాడే స్విట్జర్లాండులో పశ్చిమ జర్మనీ ఫుట్‌బాలు ప్రపంచ విజేత యైనది. తొమ్మిదేండ్ల క్రిందట ఓడి, ప్రపంచముచే వెలివేయబడిన దేశమునకు ఆ ఆదివారము ఎట్టిదో ఊహించుకొనవచ్చును. ఆ కార్లు రెండేండ్లలో 12 గ్రాండ్ ప్రి పోటీలలో పాల్గొని తొమ్మిదింట గెలిచినవి. అర్జెంటీనా దేశీయుడైన ఫాంజియో 1954, 1955 సంవత్సరములలో ప్రపంచ విజేతగా నిలిచినాడు.

ఇక 1955 జూన్ 11వ తేదీ, శనివారము. లె మాన్ పందెము ఇరువదినాలుగు గంటలు ఎడతెగక సాగునట్టిది. ఒక్కొక్క కారును ఇద్దరు వంతులవారీగా నడుపుదురు. చుట్టు సుమారు పదమూడున్నర కిలోమీటర్లు. అవి విడిగా నిర్మించిన బాటలు కావు. తక్కిన దినములలో బండ్లు తిరుగు రహదారులే. 1923లో మొదటి పందెము జరిగినప్పుడు విజేత సగటు వేగము గంటకు 92 కిలోమీటర్లు. 1955 నాటికి ప్రేక్షకుల శాలల యెదుట కార్లు 200 కిలోమీటర్లు దాటిన వేగమున పోవుచున్నవి. కాని బాట మాత్రము అదే బాట. కార్లు ఆగి ఇంధనము పోసికొను చోటులకు, వీనినే పిట్లందురు, పందెపు బాటకు నడుమ అడ్డుగోడ లేదు. ఆవలి ప్రక్క ప్రేక్షకులను కాపాడుటకు ఉన్నది ఒక మట్టికట్ట మాత్రమే. దాని వెనుక పిల్లలను ఎత్తుకొన్న తండ్రులు, బల్లలమీద నిలిచి తొంగిచూచు కుఱ్ఱవాండ్రు. ఆనాడు వచ్చినవారు రెండున్నర లక్షలని అంచనా.

సాయంకాలము ఆరున్నర కావచ్చినది. ఆంగ్లేయుడు మైక్ హాథార్న్ నడుపుచున్న జాగ్వార్, లాన్స్ మాక్లిన్ నడుపు చిన్న కారును దాటి, వెంటనే పిట్లవైపు తిరుగుటకై బ్రేకు వేసినది. మాక్లిన్ దానికి తగులకుండ ఎడమకు తప్పుకొన్నాడు. ఆ ఎడమనే వెనుకనుండి పియెర్ లెవెగ్ నడుపుచున్న మెర్సిడెస్ దూసుకొని వచ్చుచున్నది. మాక్లిన్ కారు వెనుకభాగము మీదికెక్కి అది గాలిలోనికి లేచినది, మట్టికట్టను మోది ముక్కలైనది. ఇంజను, ముందు ఇరుసు, పైమూత జనసమూహములోనికి ఎగిరిపోయినవి. కారు దేహము మెగ్నీషియము కలిసిన తేలికలోహము. అది అంటుకొన్నచో నీరు చల్లినకొలది మండును. ఆర్పవచ్చినవారు నీరే చల్లినారు.

లెవెగ్‌ను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఆయన ఫ్రెంచివాడు, అప్పటికి వయస్సు 49. మూడేండ్ల క్రిందట, 1952లో, ఇదే పందెమున తోడివానికి చక్రము అప్పగింపక దాదాపు ఇరువదిమూడు గంటలు ఒంటరిగా నడిపి అగ్రస్థానమున ఉండగా, చివరి గంటలో ఇంజను చెడిపోయినది. ఆయన చేజారిన గెలుపు మెర్సిడెస్‌కు దక్కినది. ఆ సంస్థవారే 1955లో ఆయనను పిలిచి తమ కారు ఇచ్చినారు. ఆ కారులోనే మరణించినాడు.

పందెము ఆగలేదు. జనమంతయు ఒక్కసారి బయలుదేరినచో దారులు క్రిక్కిరిసి ఆంబులెన్సులకు చోటుండదని నిర్వాహకులు చెప్పినారు. ఆ సమాధానమును అంగీకరించినవారును గలరు, నేటికిని అంగీకరింపనివారును గలరు. నా మట్టుకు నాకు అది యుక్తముగనే తోచును. కాని మరునాటి మధ్యాహ్నము వరకు సాగించుట ఎందులకో బోధపడదు. వలయమునకు ఆవలి ప్రక్కనున్న ప్రేక్షకులలో అనేకులకు చాలసేపటివరకు జరిగినది తెలియనే లేదు.

లెవెగ్‌కు జతకాడు అమెరికనుడైన జాన్ ఫిచ్. తన వంతు వచ్చుటకు ముందే కారు లేకపోయినది. మృతుల సంఖ్య తెలిసినకొలది, తక్కిన కార్లను పందెమునుండి తీసివేయుడని ఆయన సంస్థవారిని గట్టిగా కోరినాడు. యుద్ధము ముగిసి పదేండ్లే. ఫ్రెంచి నేలమీద ఇందరు మరణించిన తరువాత జర్మను కారు గెలిచినచో లోకము ఏమనుకొనును? స్టుట్‌గార్టులోని డైరెక్టర్లకు టెలిఫోను చేసినారు. అనుమతి వచ్చుసరికి అర్ధరాత్రి కావచ్చినది. అప్పటికి ఫాంజియో, స్టర్లింగ్ మాస్ జంట నడుపుచున్న మెర్సిడెస్సే అందరికంటె ముందున్నది. రెండు గంటలు కావచ్చుచుండగా, జనము పలుచబడిన వేళ, సంస్థ పందెపు అధికారి నాయ్‌బావర్ మిగిలిన రెండు కార్లను పిలిచి ఆపినాడు. ఇంజనీరు ఊలెన్‌హౌట్ జాగ్వార్ వారియొద్దకు పోయి మీరును విరమింపుడని అడిగినాడు. వారు ఒప్పుకొనలేదు, హాథార్న్ కారే గెలిచినది. తరువాత జరిగిన విచారణలో ఏ వ్యక్తిది తప్పని తేలలేదు. బాట ఆ వేగములకు తగినది కాదని మాత్రము తేలినది.

ఇంతవరకు అందరు ఎరిగిన కథయే. ఇక తేదీలు. జూన్ 19న, అనగా సరిగా ఎనిమిది దినములకు, హాలెండులో గ్రాండ్ ప్రి. మెర్సిడెస్ పాల్గొన్నది, మొదటి రెండు స్థానములు దానివే. ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లాండు, స్పెయిను దేశములు ఆ యేటి తమ గ్రాండ్ ప్రి పోటీలను రద్దుచేసినవి గనుక మిగిలినవి రెండే. జూలైలో ఇంగ్లండులో మాస్, సెప్టెంబరులో ఇటలీలో ఫాంజియో గెలిచినారు. సెప్టెంబరు 17న ఉత్తర ఐర్లండులోని డండ్రాడ్ పందెమున మరి ముగ్గురు చోదకులు మరణించినారు, గెలిచినది మెర్సిడెస్. ఆ కారును మాస్‌తోపాటు నడిపినది జాన్ ఫిచ్. అక్టోబరు 16న సిసిలీ కొండదారులలో టార్గా ఫ్లోరియో. అక్కడ కూడ మొదటి రెండు స్థానములు మెర్సిడెస్‌కే దక్కి, స్పోర్ట్స్ కార్ల ప్రపంచ బిరుదము దాని వశమైనది. గెలువదగినదెల్ల గెలుచుట ముగిసినది.

ఆరు దినముల తరువాత, అక్టోబరు 22న, స్టుట్‌గార్టు చెంత ఉంటర్‌ట్యుర్క్‌హైములోని కర్మాగారమున ఉత్సవము జరిగినది. చోదకులు, ఇంజనీర్లు, పతకములు, ఉపన్యాసములు. సాంకేతిక విభాగపు అధిపతి నాలింగర్ సంస్థ నిర్ణయమును ప్రకటించినాడు. పందెములలో నిమగ్నులైన సమర్థులగు ఇంజనీర్లు ఇక ప్రజలు కొను కార్ల అభివృద్ధికి కావలెను. ఇదియే ఆయన చెప్పిన కారణము. గ్రాండ్ ప్రి పోటీలు విడువవలెనను ఆలోచన లె మాన్ దుర్ఘటనకు ముందే సంస్థలో ఉండినది. చోదకులు తమ కార్లపై తెల్లని దుప్పట్లు కప్పినారు. ఆ దృశ్యపు ఛాయాచిత్రము చూచువారికి శవములపై కప్పు వస్త్రము స్ఫురింపక మానదు. కాని అక్కడ చేరినవారు సంతాపసభకు వచ్చినవారు కారు, విజయోత్సవమునకు వచ్చినవారు.

అట్లని లె మాన్ లెక్కలోనికి రాలేదనుట కూడ అన్యాయమే. ఆ రాత్రి గెలుపును చేతులార విడిచిపెట్టినది ఆ సంస్థయే. అది గౌరవార్థము చేసిన పని. అక్టోబరులో చేసినది వ్యాపారస్థుని నిర్ణయము. కాలము ఈ రెండిటిని కలిపి ఒకే విరమణగా చేసినది. సంస్థకును ఆ కలయిక వలన నష్టము కలుగలేదు. నిజమైన నిషేధము ఎక్కడ కలదని అడిగినచో స్విట్జర్లాండును చూపవలెను. అక్కడి ప్రభుత్వము లె మాన్ తరువాత వలయపు పందెములను శాసనముచే మాన్పినది. 2015లో విద్యుత్తు కార్లకు మాత్రము సడలింపు నిచ్చి, 2018లో జూరిచ్‌లో పందెము జరుగనిచ్చినది. నిషేధమును పూర్తిగ తొలగింప పార్లమెంటు సమ్మతించినది 2022లో.

లె మాన్‌లో మరుసటి సంవత్సరము పందెమునకు ముందే పిట్లను, ప్రేక్షకశాలలను పడగొట్టి, బాటను వెడల్పు చేసి, మరల కట్టినారు. మెర్సిడెస్ పేరు 1980 దశాబ్దిలో స్విట్జర్లాండుకే చెందిన సాబర్ జట్టుతో కలిసి అక్కడికి తిరిగివచ్చి, 1989లో గెలిచినది. 1999లో దాని కార్లు ఒకదానివెంట ఒకటి గాలిలోనికి లేచి పల్టీలు కొట్టినవి. ఈసారి ఎవరికిని ప్రాణాపాయము కలుగలేదు. సంస్థ మరల పందెము నడుమనే విరమించినది. గ్రాండ్ ప్రి పోటీలకు సొంత జట్టుతో వచ్చినది 2010లో.

జాన్ ఫిచ్ 2012 వరకు జీవించినాడు. ఆయన యుద్ధకాలమున విమాన చోదకుడు. శత్రువుల తుపాకిగుండ్లనుండి కాపుదలకై ఇంధనపు డబ్బాలలో ఇసుక నింపి గుడారము చుట్టు పేర్చుకొన్న అనుభవము గలవాడు. 1960 దశాబ్దిలో ఆయన ఆ ఉపాయమునే రహదారులకు మార్చినాడు. అమెరికా రహదారులపై వంతెన స్తంభముల ముందు, దారి రెండుగ చీలు చోటులలో, పసుపుపచ్చని ప్లాస్టికు పీపాలు వరుసగా కనబడును. మొదటి పీపాలో ఇసుక కొంచెము, వెనుకవాటిలో అంతకంతకు ఎక్కువ. అదుపు తప్పి వచ్చిన కారు ఒక్కొక్క పీపాను పగులగొట్టుకొనుచు కొంచెము కొంచెముగా వేగము కోల్పోయి, స్తంభమును చేరకముందే ఆగును.