పెళ్లికొడుకు మల్లన్నకు 365 మూరల పాగా

శ్రీశైలం: మహాశివరాత్రి నాటి రాత్రి శ్రీశైల ఆలయంలో విద్యుద్దీపాలన్నీ ఆర్పివేస్తారు. ఆ చీకటిలో ఒక నేతకారుడు దిగంబరుడై విమాన శిఖరంపైకి చేరి, అక్కడి నుంచి ముఖమండపంపై ఉన్న నందులను కలుపుతూ పొడవైన తెల్లని వస్త్రాన్ని చుడతాడు. ఇదే పాగాలంకరణ. మరికొద్దిసేపట్లో భ్రమరాంబాదేవిని పరిణయమాడనున్న మల్లికార్జునుడికి అది పెళ్లి తలపాగా. నల్లమల చెంచులు అల్లుడిగా భావించే స్వామికి పాగా తెచ్చేది మాత్రం చీరాల ప్రాంత దేవాంగులు. రోజుకు మూర చొప్పున ఏడాది పొడవునా 365 మూరలు నేస్తారు. మూరకు 18 అంగుళాల లెక్కన అది 160 మీటర్లు దాటుతుంది. శ్రీశైలం 2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లాలో ఉండేది. ప్రస్తుతం నంద్యాల జిల్లాలోనిది.

కత్తెర, సూది తగలని బట్టే శుభకార్యానికి తగినదన్న నియమం మానవ వరుడికీ వర్తిస్తుంది. తేనె, పెరుగు, నెయ్యి కలిపి వరుడికి అందించే పదార్థం మధుపర్కం. ఆ సందర్భంలో ఆడపిల్లవారు పెట్టే ఎర్ర అంచు తెల్ల నూలు బట్టలకూ అదే పేరు స్థిరపడింది. నడుముకు ఎనిమిది మూరల పంచె, భుజానికి నాలుగు మూరల ఉత్తరీయం.

దర్జీ ప్రమేయం లేని దుస్తు కనుక రూపకల్పన యావత్తూ మగ్గం మీదే జరగాలి. అంచు రంగు, వెడల్పు పడుగు పోసేటప్పుడే నిర్ణయం కావాలి. ఆపై మార్చే వీలుండదు. కట్టినప్పుడు ఒక కొస కాళ్ల మధ్యగా వెనక్కి వెళ్లి గోచీ అవుతుంది, రెండో కొస ముందు కుచ్చెళ్లుగా దిగుతుంది. అంచు మరీ వెడల్పైతే కుచ్చెళ్లు మొద్దుబారతాయి, సన్నమైతే మడతల్లో కలిసిపోతుంది. నూలు నడుమున నిలుస్తుంది, పట్టు జారుతుంది. పట్టుపంచె మీద బెల్టు బిగించి, పైన ఉత్తరీయంతో కప్పిపుచ్చే వరులు తక్కువేమీ కాదు.

దేవుడి కొలతలు వేరు. కర్నూలుకు తుంగభద్ర ఆవల ఉన్న గద్వాలలో తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు ఏటా నేసే జోడు పంచెలు 11 గజాల పొడవు, రెండున్నర గజాల వెడల్పు. అంచే 15 అంగుళాలు.

సీమ మగ్గాలకు పంచె ప్రధాన సరుకు కాలేదు. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన ఎమ్మిగనూరు సహకార సంఘానికి దుప్పట్లు, తువ్వాళ్లు పేరు తెస్తే, కడప జిల్లా మాధవరానికి చీరలు తెచ్చాయి. 1985 నాటి కేంద్ర చట్టం చేనేతకే ప్రత్యేకించిన రకాల్లో పంచె కూడా ఉంది. అయినా ముహూర్తం వేళ కాసేపు కట్టి పెట్టెలో దాచేదే కదా అని మధుపర్కాలకు మిల్లు బట్టతో సరిపెట్టే కుటుంబాలు ఎన్నో. కుచ్చెళ్లు ముందే కుట్టి, నడుముకు అతుక్కునే పట్టీ అమర్చిన పంచెలు సైతం దుకాణాల్లోకి వచ్చాయి. వాటిని ప్యాంటులా తొడుక్కోవచ్చు. పంచె కట్టే పెద్దవారి అవసరం అక్కడితో తీరిపోతుంది, నేతగాడి అవసరం కూడా.