కొండవీటి దారిలో రెండు శాసనములు

విజయవాడనుండి కొండవీటికి పోవు దారి దీర్ఘమైనది కాదు. ప్రకాశము బ్యారేజిపై కృష్ణను దాటి, ఉండవల్లి గుహాలయముల దారిని కుడిచేతివైపున విడిచి, మంగళగిరి, గుంటూరు, ఫిరంగిపురములమీదుగా ఉదయమున బయలుదేరినవారు కోటను చూచి ప్రొద్దు క్రుంకులోపల ఇల్లు చేరవచ్చును. మేమును తొలుత అట్లే ఒక్కదినమున చూచి వచ్చి, వచ్చిన వారమునకే ఒక వ్యాసమును వ్రాసితిమి. తరువాత పండ్రెండేండ్లలో తొమ్మిది పర్యాయములు అదే దారిని, వేర్వేరు ఋతువులలో, విద్యార్థులతో కొన్నిసార్లు, ఒంటరిగా కొన్నిసార్లు పోయితిమి. ఆ ప్రయాణముల ఫలితముగా మా తొలి వ్యాసమున ఒక వాక్యమును దిద్దుకొనవలసివచ్చినది. ఆ వాక్యము రాచవేమారెడ్డిని గూర్చినది. దానిని దిద్దుకొనుటకు గల కారణములను వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

రెడ్డిరాజ్య చరిత్ర పాఠకులకు సుపరిచితమే. 1325 ప్రాంతమున ప్రోలయవేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యమును స్థాపించెను. అతని కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చెను. అనవేముడు, కుమారగిరి, పెదకోమటి వేముడు, రాచవేముడు క్రమముగా ఏలిరి. 1424 నాటికి ఈ వంశమువారి పాలన ముగిసినది. కోట తరువాత పలువురి చేతులు మాఱి గజపతుల వశమైనది. 1515 జూన్ 23వ తేదీన శ్రీకృష్ణదేవరాయలు దానిని జయించెను. కొండపై మూడు చెఱువులు, ఇరువైపుల కొలేపల్లి దర్వాజా, నాదెళ్ల దర్వాజా, కొండక్రింద గోపీనాథస్వామి ఆలయము, దానిని అంటియున్న కత్తులబావి కథ - ఇవన్నియు మా తొలి వ్యాసమున సవిస్తరముగా వర్ణింపబడినవి. వానిని మఱల చెప్పము.

రాచవేముని గూర్చి నాడు మేము వ్రాసినది ఇది: ఇతడు ప్రజాపీడకుడు, బిడ్డ పుట్టిన ప్రతి ఇంటిపైనను పురిటిసుంకము విధించెను, ఆ సుంకమునకు కినిసిన సవరము ఎల్లయ చేతిలో హతుడయ్యెను. ఈ కథ మా కల్పితము కాదు. కొండవీటి దండకవిలె పరంపరనుండి కైఫీయతులలోనికిని, వానినుండి చరిత్ర గ్రంథములలోనికిని వచ్చినది. మేము దానిని తరగతిలో ఏండ్లతరబడి చెప్పితిమి. విద్యార్థులు మఱువని కథ యగుటచే చెప్పుటకును ఇంపుగా నుండెడిది.

మూడవ పర్యాయము పోయినపుడు మెట్లదారిని కొండ యెక్కుచు ఈ కథనే చెప్పుచుండగా ఒక విద్యార్థిని, "అయ్యా, ఇది ఎప్పుడు వ్రాసిపెట్టినది?" అని యడిగెను. ప్రశ్న చిన్నది. సమాధానము మాకు తెలియనిది కాదు. కర్నలు మెకంజీ కొఱకు కావలి సోదరులు మొదలగువారు ఊరూర తిరిగి, కరణములవద్దనున్న కవిలెలను, వృద్ధుల నోటి మాటలను సేకరించినది పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభకాలమున. సోదరులలో ఒకడైన బొఱ్ఱయ్య 1803లోనే మరణించెను. తరువాత లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. అనగా రాచవేముని మరణమునకును, మనకు లభించిన ఈ వ్రాతకును నడుమ దాదాపు నాలుగువందల యేండ్ల దూరమున్నది. ఈ దూరమును ఎఱిగియు మేము దానిని లెక్కింపలేదు. ఆ విద్యార్థినికి సమాధానము చెప్పితిమి గాని ఆ సమాధానము మాకే తృప్తి నొసగలేదు.

నాలుగవ పర్యాయము నేరుగా కొండకు పోక ఫిరంగిపురమున దిగితిమి. అంతకుముందు మూడు పర్యాయములు ఆ యూరిని కాఫీకి మాత్రమే ఆగి దాటిపోయితిమి. రెడ్డిరాజుల చరిత్రకు మిక్కిలి ముఖ్యములైన రెండు శాసనములు ఆ ప్రాంతమునవే. మొదటిది శక 1331, అనగా క్రీ. శ. 1409 నాటి ఫిరంగిపుర శాసనము. పెదకోమటి వేముని భార్య సూరాంబ సంతానసాగరమను తటాకమును నిర్మింపించినట్లు అది చెప్పుచున్నది. రెండవది శక 1337, అనగా 1415 నాటి అమీనాబాదు శాసనము. ఆ తటాకమునకు నీరు వచ్చుటకై జగనొబ్బగండ కాలువ అను పేరుగల కాలువను త్రవ్వించినవాడు రాచవేముడని దానివలన తెలియుచున్నది. ఈ రెంటిని రచించినవాడు కొండవీటి ఆస్థాన విద్యాధికారియైన శ్రీనాథుడు.

శాసనములు మాకు కొత్తవి కావు. పరిశోధన కాలమున శ్రీనాథుని జీవితకాల నిర్ణయమునకు వానిని ఉపయోగించుకొంటిమి. అయితే నాడు మా దృష్టి కవిపై నుండెనే గాని కాలువపై లేదు. పురిటిసుంకము విధించెనని మేము చెప్పుచున్న రాజును, సంతానసాగరమునకు నీరు తెచ్చిన రాజును ఒక్కడే యను సంగతి, ఆ రెండు ఊళ్ల నడుమ నిలిచినపుడుగాని మాకు తట్టలేదు. పేర్లు కూడ విచిత్రముగా కలిసినవి: ఒకచోట సంతానము పేరున తటాకము, మఱియొకచోట సంతానముపై సుంకము.

కాలువ విలువ తెలియుటకు ఆ నేలను వేర్వేరు కాలములందు చూడవలెను. భాద్రపదమున పోయినపుడు దారికి ఇరుప్రక్కల పత్తి, మిరప చేలు పచ్చగా నుండెను. కొండ వాగులు పాఱుచుండెను. వైశాఖమున పోయినపుడు అదే నల్లరేగడి నేల బెత్తెడు వెడల్పున నెఱ్ఱెలు విచ్చియుండెను. విజయవాడనుండి వచ్చువారికి ఈ తేడా వెంటనే పట్టుబడదు. 1855 నాటికి పూర్తియైన కృష్ణ ఆనకట్ట మూలమున దివినుండి తెనాలివఱకు డెల్టా సీమ నీటికాలువల నాడు. ఆ ఆనకట్ట స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చినది. కాని కొండవీటిసీమ మెట్టనాడు. నది అంత దగ్గఱనున్నను దాని నీరు ఈ మెట్టకు ఎక్కదు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడుచువఱకు పశ్చిమ గుంటూరు మెట్టకు వాన, చెఱువు, బావి తప్ప వేఱు దిక్కు లేదు. 1832-33లో వచ్చిన డొక్కల కఱవు గుంటూరు సీమను ఎంత పాడుచేసెనో చరిత్ర విద్యార్థు లెఱుగుదురు. అట్టి నేలపై ఒక తటాకమునకు కాలువ త్రవ్వించుట యనగా కీర్తికొఱకు మండపము కట్టించుట వంటిది కాదు. కొన్ని ఊళ్ల బ్రతుకు దానిపై నిలిచియుండును.

ఇంతమాత్రమున రాచవేముడు ప్రజారంజకుడని చెప్పవచ్చునా? చెప్పరాదు. ఒక పొరపాటును దిద్దుకొనుటకై ఎదుటి పొరపాటును చేయరాదు. శాసనము ప్రశస్తి, దానిని వ్రాసినవాడు ఆస్థానకవి, వ్రాయించినది రాజకుటుంబము. పైగా కాలువ త్రవ్విన 1415లో రాజ్యమేలుచున్నవాడు తండ్రి. రాచవేముడు స్వయముగా ఏలినది 1420 నుండి 1424 వఱకు మాత్రమే. యువరాజుగా కాలువ త్రవ్వించినవాడు రాజై సుంకములు పెంచి యుండవచ్చును. దానికి తగిన పరిస్థితులును కానవచ్చుచున్నవి. కుమారగిరి కాలముననే తూర్పుభాగము కాటయవేముని పాలై రాజమహేంద్రవరము వేఱు రాజ్యమైనది. రాచకొండ వెలమలతో వైరము తెగలేదు. ఒకనాడు మోటుపల్లి రేవునకు వచ్చు వర్తకులకు అనవోతారెడ్డి 1358లో అభయశాసన మొసగెను. కుమారగిరి వసంతోత్సవములకు కర్పూరాది సుగంధద్రవ్యములను అవచి తిప్పయసెట్టి వంటి వర్తకులు సమకూర్చిరి. రాజ్యము కుంచించుకొని, యుద్ధవ్యయము మిగిలిన కాలమున భారము రైతు ఇంటిపై పడుట సహజము.

కావున మా నేటి అభిప్రాయ మిది. పురిటిసుంకపు కథను ఒక రాజు జీవితచరిత్రగా గ్రహింపరాదు. సుంకముల భారమును గూర్చి ఈ సీమ ప్రజలు తరతరములు దాచుకొన్న జ్ఞాపకముగా గ్రహింపవలెను. ప్రజలు ఏ సుంకమును ఎంత బాధగా తలచిరో చెప్పుటలో కైఫీయతు ప్రమాణమే; ఎవరు ఏ యేట విధించిరో చెప్పుటలో ఒంటరిగా ప్రమాణము కాదు. శాసనమో, తేదీని, పనిని నిలుకడగా చెప్పును. ఆ కాలువను త్రవ్విన కూలివాని చెమటను గూర్చి చెప్పదు. ఒకటి కవిలె, ఒకటి రాయి. రెండును ఒకే నేలపై పుట్టినవి. ఒకదానిచే రెండవదానిని కొట్టివేయుట కంటె, రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదువుట మేలు.

ఈ దారికే చెందిన మఱియొక సంప్రదాయమును ఇచట స్మరింపదగును. కాలువను కీర్తించిన శ్రీనాథుడే వార్ధక్యమున కృష్ణాతీరమునందలి బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని, వరదలో పైరు పోగా సుంకము చెల్లింపలేక శిక్ష ననుభవించెనని చాటువులు చెప్పుచున్నవి. చాటువు చరిత్ర కాకపోవచ్చును. కాని మెట్టలో నీరు లేక ఒక బాధ, ఏటి ఒడ్డున నీరెక్కువై ఒక బాధ, రెండుచోట్లను వదలని సుంకము - ఈ సీమ రైతు బ్రతుకు ఇంతకంటె క్లుప్తముగా చెప్పబడలేదు.

మా ప్రయాణముల నడుమ దారియు మాఱినది. తొలినాళ్లలో మెట్లదారిని ఎక్కితిమి; ఇప్పుడు ఘాటు రోడ్డుమీద వాహనములు కొండపైకి పోవుచున్నవి. 2022లో కొండవీడు గుంటూరు జిల్లానుండి పల్నాడు జిల్లాకు మాఱినది. జనము ఎక్కువగా వచ్చుచుండుట సంతోషకరమే. కాని వాహనమున నేరుగా శిఖరము చేరువారు కోటనే చూతురు; కోటను పోషించిన ఊళ్లను చూడరు. పరిశోధక విద్యార్థులకు మా మనవి ఒక్కటే. శాసనపాఠమును చేతబట్టుకొని, అది పుట్టిన ఊరికి వానకాలమున ఒకసారి, ఎండకాలమున ఒకసారి పొండు. ఒక్కసారి చూచినది వర్ణనకు చాలును, తీర్పునకు చాలదు.

మా పాత వ్యాసమున "ప్రజాపీడకుడు" అను మాటను కొట్టివేసితిమి. దానికి బదులుగా వేఱొక విశేషణమును చేర్చలేదు. 1415లో కాలువ త్రవ్వించెననియు, పురిటిసుంకము విధించెనని నాలుగు శతాబ్దుల తరువాతి కైఫీయతు చెప్పుచున్నదనియు రెండు వాక్యములు వ్రాసితిమి. తరగతిలో ఇప్పుడు రెంటిని చెప్పుచున్నాము. కథ మునుపటివలె ఇంపుగా లేదు. ప్రశ్నలు మాత్రము మునుపటికంటె ఎక్కువగా వచ్చుచున్నవి.