సేత్వార్ నుంచి భూభారతి దాకా: కామారెడ్డి, ఎల్లారెడ్డి భూమి లెక్కలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో భూమి లెక్కలకు మూలం నిజాం కాలపు సేత్వార్. తొలి బందోబస్తులో (భూమి కొలిచి శిస్తు కట్టడంలో) ఏ సర్వే నంబరు ఎంత విస్తీర్ణం, పట్టా ఎవరిది, శిస్తు ఎంత అన్నది అందులోకెక్కింది. సాఫ్ట్‌వేర్ వాళ్లు కోడ్ మార్పుల చరిత్రను దాచుకునే గిట్‌లో చేసే తొలి 'కమిట్' (నమోదు) లాంటిదది. తర్వాతి మార్పులన్నీ దాని మీద చేరినవే.

ఊరి భూమి రికార్డైన పహాణీని గ్రామ లెక్కలు చూసే పట్వారీ ఫసలీ (రెవెన్యూ) ఏడాదికొకటి కొత్తగా రాసేవాడు. పట్టాదారు, అనుభవదారు, పంట, నీటి ఆధారం దేని గడి దానిదే. పట్టా మార్పులు ఫైసల్ పట్టీలో నమోదయ్యేవి. 112 సర్వే నంబరు రైతు చనిపోయి, ఇద్దరు కొడుకులకు విరాసత్ (వారసత్వ మార్పిడి) అయిందనుకుందాం. కొత్త పహాణీలో 112/అ, 112/ఆ వస్తాయి. తండ్రి పేరు మాత్రం పాత పహాణీలో చెక్కుచెదరదు. పేరు ఎప్పుడు, ఏ ఉత్తర్వుతో మారిందో వెనక్కి తిరగేస్తే తేలుతుంది. గిట్‌లో 'లాగ్', 'బ్లేమ్' కమాండ్లు చేసే పని ఇదే.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1954-55లో ఖాస్రా పహాణీ తయారైంది. తగాదా వస్తే ఆఫీసుల్లో, కోర్టుల్లో నేటికీ ముందు అడిగేది దాన్నే. 1984లో వంశపారంపర్య పట్వారీ వ్యవస్థ రద్దయింది.

2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. అనుభవదారు గడి కనిపించకుండా పోయింది. తప్పు పడితే దిద్దే అధికారం తహసీల్దారుకు లేకపోయింది. రైతు కలెక్టరేటుకో, సివిల్ కోర్టుకో తిరగాల్సి వచ్చింది. ఎకరం, రెండెకరాల రైతుకు అది మోయలేని భారం. దిద్దుబాటు విషయంలో గిట్ తీరు వేరు. లినస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ పని కోసం తయారుచేసిన గిట్‌లో 'రివర్ట్' కమాండ్ తప్పును చెరిపేయదు, దాన్ని రద్దుచేసే కొత్త కమిట్‌ను చేరుస్తుంది. తప్పూ, దిద్దుబాటూ రెండూ చరిత్రలో ఉంటాయి. పాత పహాణీల వరస కూడా అలాంటిదే.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి మొదలైంది. ముందుగా అమలుకు ఎంచుకున్న నాలుగు మండలాల్లో ఎల్లారెడ్డి డివిజన్‌లోని లింగంపేట ఒకటి. అక్కడ ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి రైతుల దరఖాస్తులు తీసుకున్నారు. కొత్త చట్టం ఆర్డీవో, కలెక్టర్ల దగ్గర అప్పీలుకు మళ్లీ దారి ఇచ్చింది. ఆ ఏడాది జూన్‌లో సదస్సులు రాష్ట్రమంతటా జరిగాయి.