సత్తులోహపు పోతపని



చొట్టలు పడి, అడుగున చిల్లి పడి అటకమీద మూలబడిన సత్తుగిన్నె లేని గృహము మన పల్లెలలో అరుదు. పాతసామానుల వర్తకుడు తక్కెడలో పడవేసి కొనిపోవు ఆ గిన్నె ఒకప్పుడు చక్రవర్తులు మక్కువతో చేరదీసిన లోహమనిన నేటి పిల్లలు నమ్మరు. ఆ లోహమునకు అల్యూమినియమని పేరు. దానిని కరగించి ఇసుకలో పోతపోయు విద్య ఎట్లు పుట్టెను, రాజుల కొలువునుండి ఇంటి పెరటికి ఎట్లు దిగివచ్చెను, అందు మనుష్యుడు నేర్చుకొనిన జాగ్రత్త లెట్టివి అనునదియే నేటి నా ప్రసంగమునకు వస్తువు.

దీనిని ముఖ్యముగా పెద్దలతో ముచ్చటించుటకు కారణము గలదు. చేతిఫోను తెరమీద చూచి, పాతగిన్నెలను పెరటిలో కరగించి బొమ్మలను, యంత్రభాగములను పోయవలెనని ఉబలాటపడు యువకులు ఈ దినములలో పల్లెలయందును కనబడుచున్నారు. వారి ఉత్సాహము మెచ్చదగినదే. కాని కొలిమి రాజవేయుటకు ముందు వారిని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యున్నవి. ఆ ప్రశ్నలకు ఆధారము ఈ లోహపు చరిత్రయందే కలదు.

లోహమును కరగించి పోయుట మనకు క్రొత్త గాదు. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున, మైనపు బొమ్మకు మట్టి పూసి, మైనమును కరగించి తీసివేసి, ఏర్పడిన ఖాళీలో లోహమును పోయు విధానము వర్ణింపబడినది. లోహము కరగించు పాత్రకు సంస్కృతమున మూష యని పేరు. తెలుగున మూస యనిన కరగించు పాత్రయు అగును, పోసెడి అచ్చును అగును. ఈ మాట పల్లెలలో నేటికిని నిలిచియున్నదన్న, ఈ విద్య మన వారి చేతులలో ఎంత కాలమునుండి యున్నదో ఊహింపవచ్చును. శ్రీకాకుళము జిల్లాలోని బుడితి గ్రామము కంచు, ఇత్తడి పనికి నేటికిని ప్రసిద్ధి వహించియున్నది.

ఇట్టి నేర్పరులకును అల్యూమినియము తెలియకపోవుటకు హేతువేమి? అది భూమిలో లేక కాదు. మన విశాఖ మన్యపు కొండలయందు దాని ముడిరాయి విస్తారముగా నున్నది. రాగిరాతిని, ఇనుపరాతిని బొగ్గుతో కలిపి కాల్చినచో, బొగ్గు ప్రాణవాయువును లాగికొని లోహమును విడిచిపెట్టును. అల్యూమినియమో ప్రాణవాయువును అంత సులభముగా విడువదు. మన కొలిమిలోని బొగ్గు దానిని విడదీయజాలదు. అందుచేత అది వేల సంవత్సరములు మట్టిలో మట్టియై దాగియుండెను.

1825లో డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు అయర్‌స్టెడ్, 1827లో జర్మనీలో వోలర్ దానిని కొలదిగా వేరుచేయ గలిగిరి. పటికకు లాటిను భాషలో గల పేరునుండి ఆ లోహమునకు పేరు వచ్చెను. పటికలో నుండునది ఈ లోహమే కదా. 1854లో ఫ్రాన్సున డెవిల్ అను పండితుడు దానిని కొంత అధికముగా తీయు మార్గమును కనుగొనగా, మూడవ నెపోలియన్ చక్రవర్తి ఆతనికి ధనసహాయము చేసెను. 1855 నాటి పారిస్ ప్రదర్శనమున ఆ లోహపు కడ్డీలను జనులు వింతగా చూచిరి.

అమెరికా రాజధానియందు వాషింగ్టన్ పేర నిర్మించిన 555 అడుగుల స్తంభముపై 1884 డిసెంబరు 6వ తేదీన నిలిపిన శిఖరము అల్యూమినియముతో పోతపోసినదే. ఫిలడెల్ఫియా నగరవాసి విలియం ఫ్రిష్మత్ దానిని పోసెను. దాని ఎత్తు సుమారు 9 అంగుళములు, తూకము 100 ఔన్సులు. స్తంభముపైకి ఎక్కింపకముందు దానిని నగల అంగడిలో ప్రదర్శించిరి. ఔన్సు ధర ఆనాడు సుమారు ఒక డాలరు. అంతటి విలువగల లోహమును కరగించునపుడు పనివాడు ఎంత భయభక్తులతో మెలగియుండునో ఆలోచింపుడు.

రెండేండ్లు గడచునప్పటికి కథ తలక్రిందులయ్యెను. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ అను ఇరువురు యువకులు ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, విద్యుచ్ఛక్తితో ఈ లోహమును తీయు ఒకే మార్గమును కనిపెట్టిరి. విచిత్రమేమనగా, ఇరువురును 1863లోనే జన్మించి 1914లోనే మరణించిరి. వారి పద్ధతివలన 1890వ దశకపు నడిమికి పౌను లోహము ఒక డాలరునకు లోపుగా దొరకసాగెను.

అటుపిమ్మట అది మన దేశమునకు వచ్చెను. మద్రాసు ఆర్ట్సు పాఠశాలకు అధ్యక్షుడుగా నుండిన ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ 1898లో అచట అల్యూమినియపు పాత్రల పనిని ప్రారంభించెను. దిగుమతి సరకుల పోటీతో చితికిపోవుచుండిన కంచరివారికి క్రొత్త జీవనోపాధి చూపవలెనన్నది ఆతని తలంపు. 1900లో ఇండియన్ అల్యూమినియం కంపెనీ యనునది ఏర్పడెను. 1903లో పాఠశాలలోని ఆ విభాగము దాని వశమయ్యెను. నాటినుండి తేలికయు చవుకయు నగు ఈ పాత్రలు దక్షిణదేశమున వ్యాపించెను. తగరపు జాతి తెల్లలోహమునకు చెల్లుచుండిన సత్తు అను మాటను మన గృహిణులు ఈ క్రొత్త పాత్రలకు తగిలించిరి. 1943లో తిరువాన్కూరు సంస్థానమునందలి ఆల్వాయిలో ఈ లోహమును దేశముననే తీయ మొదలిడిరి.

పోతపని విషయమున ఈ లోహము సాధించిన ఘనకార్యమొకటి చెప్పవలెను. 1903 డిసెంబరు 17వ తేదీన రైటు సోదరులు ఎగిరించిన విమానపు ఇంజను తొట్టి, నూటికి 8 పాళ్ళు రాగి కలిపిన అల్యూమినియముతో పోతపోసినదే. వారి దుకాణపు పనివాడు చార్లీ టేలర్ ఆ యింజనును నిర్మించెను. ఫిబ్రవరిలో పరీక్షించునపుడు మొదటి తొట్టి పగిలిపోయెను. వారు నిరాశ చెందక మరల పోయించిరి. ఇనుముతో పోసియున్నచో ఆ విమానము నేల విడుచుట దుర్ఘటమై యుండెడిది.

పాతగిన్నెల కథయు యుద్ధముతో ముడిపడియున్నది. 1940 జులైలో ఇంగ్లండున విమానముల మంత్రి బీవర్‌బ్రూక్ ప్రభువు, వంటపాత్రలనిండు, యుద్ధవిమానములు చేయింతుమని గృహిణులను వేడెను. జనులు గుట్టలుగా తెచ్చి యిచ్చిరి. ముడిరాతినుండి లోహమును తీయుటకు పట్టు శక్తిలో నూటికి 5 వంతులతోనే పాతలోహమును మరల కరగించి వాడుకొనవచ్చును. అందుచేతనే పాత సత్తునకు నేటికిని గిరాకి తగ్గలేదు.

తరువాత ఈ విద్య ఇంటికి దిగెను. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రవాసి డేవిడ్ జింజరీ 1980 ప్రాంతమునుండి వ్రాసిన చిన్న పుస్తకములలో, బకెట్టు లోపల మట్టి మెత్తి చేసిన బొగ్గుకొలిమిలో పాత అల్యూమినియమును కరగించి, ఇసుకలో పోసి, దానితోనే తరిమెనపట్టె మొదలగు యంత్రములను ఇంట చేసికొను విధమును తెలిపెను. నేటి యువకులు తెరలపై చూచు పనులలో పెక్కింటికి ఆ మార్గమే మూలము.

ఇక పని విధానము. చేయవలసిన వస్తువునకు కొయ్యతో నమూనా చెక్కుదురు. కరగిన లోహము చల్లారునపుడు కుదించుకొనును గనుక నమూనాను అడుగునకు సుమారు అంగుళములో ఆరవ వంతు పెద్దదిగా చేయుదురు. సన్నని ఇసుకలో నూటికి సుమారు 10 పాళ్ళు జిగురుమట్టి, 3 మొదలు 5 పాళ్ళు నీరు కలిపి, రెండు అరల చట్రములో నమూనా చుట్టును దట్టింతురు. దీనిని ఇంగ్లీషువారు పచ్చని యిసుక యను అర్థము వచ్చు మాటతో పిలుతురు. అది రంగును గూర్చినది కాదు. మనము పచ్చికుండ యనునట్లే కాల్చనిదని భావము. పిడికిట పట్టి నొక్కిన ముద్ద కావలెను, విరిచిన రెండు తునకలుగా తెగవలెను, చేతికి తడి అంటరాదు. ఇదియే దాని పరీక్ష. చట్రమును విడదీసి నమూనాను తీసి, లోహము పోవుటకు త్రోవ, ఆవిరి పోవుటకు సన్నని రంధ్రములు చేసి, మరల మూసి, లోహమును తెంపులేక ఒకే ధారగా పోయుదురు.

ఈ లోహపు స్వభావమునందే మోసమున్నది. ఇనుము వేడెక్కిన ఎర్రబడి మనలను హెచ్చరించును. అల్యూమినియము 660 డిగ్రీలకు కరగియు, పగటి వెలుగున నిప్పువలె కనబడదు. గిన్నెలో పోసిన పాలవలె తెల్లగా, నిమ్మళముగా నుండును. నేను ఉపాధ్యాయుడుగా నుండిన యొక గ్రామమున వృద్ధుడగు పోతపనివాడొకడు ఉండెడివాడు. ఆతడు మూసలో ముంచు గరిటెను, పటకారును, కడకు తెట్టు తీయు కడ్డీని గూడ ముందుగా నిప్పుపై కాచుకొనకుండ లోహమును తాకనిచ్చెడివాడు కాడు. ఏల అని విద్యార్థులు ప్రశ్నింపగా, “బాబూ, దీనికి నీళ్ళంటే పగ” అని మాత్రము బదులు చెప్పెను. శాస్త్రము చెప్పునదియు అదియే. చుక్క నీరు ఆవిరియైనచో సుమారు 1,600 రెట్లు పెరుగును. ఆ చుక్క కరగిన లోహము క్రింద చిక్కినచో లోహమంతయు ముఖముమీదికి చిమ్మును. వానలో తడిసిన గిన్నె, మంచు పట్టిన గరిటె, చెమ్మగల నేల ఇందుకు చాలును. సిమెంటు గచ్చుపై ఒలికినను, గచ్చులోని తేమ ఆవిరియై పెంకులు ఎగురును. కావున ఈ పని ఆరుబయట, పొడి ఇసుక పరచిన నేలమీదనే చేయవలెను. బొగ్గు విడుచు విషవాయువు దృష్ట్యా గూడ మూసిన గదిలో చేయరాదు. ఒలికినను, అంటుకొనినను పొడి ఇసుకయే చల్లవలెను. నీరు ఎంతమాత్రము పోయరాదు.

కావున, పెద్దలారా, మీ మనుమడు కొలిమి సిద్ధపరచుకొనినపుడు ఇట్లు అడుగుడు. లోహపు తునుకలన్నియు ఎండినవేనా, మూసలో వేయుటకు ముందు కొలిమి అంచున కాగినవేనా? మూతబడిన గొట్టములు, గాలి నింపిన డబ్బాలు అందులో లేవు గదా? అవి కాగినచో బ్రద్దలగును. తునుకలలో మెగ్నీషియము లేదు గదా? అది చూపునకు అల్యూమినియమువలెనే యుండును, అంటుకొనిన ఆర్పుట మిక్కిలి కష్టము. జింకు పూత వేసిన పాత్రను మూసగా వాడుటలేదు గదా? దాని పొగ పీల్చినవారికి జ్వరము వచ్చును. ముఖమునకు కవచము, చేతులకు తోలు తొడుగులు, కాళ్ళకు తోలుజోళ్ళు, ఒంటికి నూలుబట్టలు ఉన్నవా? నైలాను వంటి బట్ట నిప్పు తగిలిన కరగి చర్మమునకు అంటుకొనును. పసిపిల్లలు, పశువులు దూరముగా నున్నారా? చెంత నేర్చిన పనివా డొక్కడైన గలడా? వీనిలో ఒక్కదానికి సరియైన సమాధానము రాకున్నను, ఆనాడు కొలిమి రాజవేయనీయకుడు.

మరియొక ముఖ్యవిషయము. పెరటిలో పోసిన లోహముతో వంటపాత్రలు చేయరాదు. పాతసామానులో ఏయే లోహములు కలిసినవో కంటికి తెలియదు. పాత అల్యూమినియముతో చేసిన పాత్రలనుండి సీసము వంటలోనికి దిగుచున్నదని కామెరూన్ దేశపు పాత్రలపై జరిపిన పరిశోధనలు వెల్లడించినవి. హిందాలియము, ఇందాలియము అను పేర్లతో చెలామణి అగు కొన్ని పాత్రల విషయమున అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ శాఖ 2025లో అట్టి హెచ్చరికయే చేసెను. సీసము పసివారి మెదడునకు హాని చేయును. గడియకు పిడి, మోటారుకు తొడుగు, గుమ్మమునకు బొమ్మ పోసికొనవచ్చును గాని, అన్నపుగిన్నె మాత్రము కూడదు.

ఔన్సునకు డాలరు పలికిన దినమున ఈ లోహమును పనివాడు గౌరవముతో కరగించెను. నేడది చెత్తకుప్పలో దొరకుచున్నది గనుక మనము చులకనగా చూచుచున్నాము. ధర తగ్గినది గాని, 660 డిగ్రీల వేడి తగ్గలేదు. నీటితో దానికి గల పగయు తగ్గలేదు. చరిత్రవలన మనము తెలిసికొనవలసినది ఇదియే. చేతిపని నేర్చుకొను పిల్లవానిని వారింపకుడు. మన గ్రామములకు అట్టివారు కావలెను. కాని చక్రవర్తి యింటి లోహమును పట్టినంత శ్రద్ధతో ఆ చిల్లిగిన్నెను పట్టుమని వానికి బోధింపుడు.