మూడు సీడీల సినిమా

తెలుగు సినిమా పితామహుడని పిలుచుకునే రఘుపతి వెంకయ్య పుట్టింది మచిలీపట్నంలో, అంటే బందరులో. 1910 ప్రాంతంలో ఆయన మద్రాసుకు క్రోనో మెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. తెర మీద బొమ్మ కదులుతుంటే, జతగా గ్రామఫోను రికార్డు తిరిగి శబ్దం ఇచ్చేది. సినిమాకూ తిరిగే పళ్లేనికీ ముడివేసిన తొలితరంలో మన బందరు మనిషి ఉన్నాడన్నమాట. ఆ పళ్లెం ఇళ్లలోకి రావడానికి మాత్రం ఎనభై ఏళ్లు పైనే పట్టింది. ఏ రకం పళ్లెం నిలవాలో విదేశీ కంపెనీలు తమలో తాము తేల్చుకున్నాయి. కృష్ణా డెల్టా కొసన దాన్ని తేల్చినవి గాలిలో తేమ, చేతిలో డబ్బు, ఇంట్లో ఉన్న ప్లేయరు.

మొదటి పోటీ మన దాకా రానేలేదు. 1978లో అమెరికాలో లేజర్‌డిస్క్ వచ్చింది. గ్రామఫోనులా సూదితో నడిచే సీఈడీ పళ్లేన్ని ఆర్‌సీఏ కంపెనీ 1981లో తెచ్చి, మూడేళ్లకే ప్లేయర్ల తయారీ ఆపేసింది. నష్టం సుమారు 58 కోట్ల డాలర్లు. టీవీలో వచ్చేదాన్ని రికార్డు చేసుకునే వీలు ఈ రెండిట్లోనూ లేదు. ఆ వీలున్న క్యాసెట్టే గెలిచింది.

మన దగ్గర 1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది, వెనకే వీడియో క్యాసెట్. పండక్కో పెళ్లికో టీవీ, క్యాసెట్లు ఆడించే వీసీపీ అద్దెకు తెచ్చి, తెల్లవార్లూ మూడు సినిమాలు వేయించడం ఆ రోజుల సంబరం. కానీ డెల్టా కొసనున్న దివిసీమ లాంటి చోట క్యాసెట్‌కు గాలే శత్రువు. ఒక పక్క సముద్రం, మరో పక్క కృష్ణ, మధ్యలో నీళ్లు నిలిచిన వరి చేలు. ఆ తేమకు టేపు మీద తెల్లగా బూజు పట్టేది. బూజు టేపు ఒకటి పెడితే ప్లేయర్ హెడ్డు మూసుకుపోయేది, ఆపై మంచి క్యాసెట్ వేసినా తెర మీద వానే.

సినిమాను సీడీలోకి ఎక్కించి 1993లో వచ్చిన వీసీడీ గెలుపును అర్థం చేసుకోవాలంటే ఈ బూజును గుర్తుపెట్టుకోవాలి. దాని బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. క్యాసెట్ కన్నా గొప్పదేమీ కాదు. ఫైట్లలో, డ్యాన్సుల్లో తెర గళ్లు గళ్లుగా విడిపోయేది. అమెరికా, ఐరోపా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆసియా మాత్రం ఎత్తుకుంది. బూజు పట్టదు, వెనక్కి తిప్పే పని లేదు, అచ్చు వేయడం చవక, చైనా ప్లేయర్లు అంతకన్నా చవక. పంటు ఎక్కి ఎదురుమొండి లంకకు తీసుకెళ్లాలన్నా చొక్కా జేబు చాలు.

దానికున్న చిక్కల్లా నిడివి. ఒక్కో వీసీడీలో పట్టేది 74 నిమిషాలు. రెండు సీడీలకు 148. మన సినిమా రెండున్నర గంటలు దాటితే మూడో సీడీ కావాల్సిందే. హాల్లో ఒక ఇంటర్వెల్ అయితే ఇంట్లో రెండు. మూడో సీడీ ఇరుక్కుందంటే క్లైమాక్స్ ఎవరైనా నోటితో చెప్పాల్సిందే.

ఇరుక్కోవడానికి సగం కారణం మన తుడుపు. బనియన్ గుడ్డతో గుండ్రంగా రుద్దేవాళ్లం. సమాచారం గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది కాబట్టి, గీత కూడా అదే దారిలో పడితే వరసగా బోలెడంత చెరిగిపోతుంది. మధ్య నుంచి అంచుకు తుడిస్తే గీత అడ్డంగా పడుతుంది, ఆ చిన్న ఖాళీని ప్లేయర్ పూడ్చుకోగలదు. మెరిసే వైపును కళ్లలో పెట్టుకుని, పేరున్న వైపు బాల్ పెన్నుతో నొక్కి రాసేవాళ్లం. సీడీలో సమాచారం ఉండేది ఆ పేరు కిందనే! డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ బిళ్లల నడుమ దాగి ఉంటుంది.

ఆ డీవీడీ పుట్టడానికి ముందు తోషిబా వర్గం ఒక రకం, సోనీ-ఫిలిప్స్ వర్గం మరో రకం పట్టుకుని కూర్చున్నాయి. కంప్యూటర్ కంపెనీలు ఒకటే ఉండాలని పట్టుబట్టడంతో 1995లో రాజీపడ్డాయి. 1996 నవంబరులో డీవీడీ జపాన్ మార్కెట్లోకి వచ్చింది. 4.7 జీబీ, సినిమా అంతా ఒకే డిస్కులో. అయితే ప్రపంచాన్ని రీజియన్లుగా కోసి అమెరికాకు 1, మనకు 5 ఇచ్చారు. పైగా అప్పట్లో అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, ఇక్కడిది పాల్. గుడివాడలో కొన్న డిస్కు డాలస్‌లో కొడుకింట్లో ఆడుతుందన్న భరోసా ఉండేది కాదు.

ఇక్కడ డీవీడీ వచ్చినా వీసీడీ చాలా ఏళ్లు పక్కనే నిలిచింది. 2007లో మోజర్ బేయర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కు తెచ్చింది. తేడా ఆరు రూపాయలే. అయినా ఇంట్లో ఉన్నది వీసీడీ ప్లేయరైతే ఆ ఆరు రూపాయలు దండగే, దానికి డీవీడీ ఎక్కదు. డీవీడీ ప్లేయర్‌కు మాత్రం రెండూ ఎక్కుతాయి. అందుకే పాత ప్లేయర్ చెడిపోయినప్పుడే ఇంటికి డీవీడీ వచ్చింది.

చివరి పోరు మరింత స్పష్టమైన బొమ్మనిచ్చే రెండు డిస్కుల మధ్య, బ్లూ-రేకీ హెచ్‌డీ డీవీడీకీ. 2008 ఫిబ్రవరిలో తోషిబా చేతులెత్తేసింది, బ్లూ-రే గెలిచింది. మన 21 అంగుళాల డబ్బా టీవీలో ఆ గెలుపు కనిపించే వీలే లేదు. ఈలోగా చవక డీవీడీ ప్లేయర్ల ముందు భాగంలో ఒక చిన్న సందు వచ్చి చేరింది, పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికి. ట్రే తెరవకుండానే సినిమా ఆడింది. డెల్టాలో డిస్కును ఓడించింది మరో డిస్కు కాదు, డిస్కు ప్లేయరే.